చివరి మడి తడిస్తే చాలదు

సంక్రాంతికి భీమడోలు వచ్చి ఇంటి నుంచే పనిచేస్తున్నాను. మా ప్రాజెక్టులో ఐదు ఫోల్డర్లు, ఒక్కోదానికీ ఒక మేక్‌ఫైల్. అన్నిట్లోనూ వరసగా మేక్ నడవడానికి పై మేక్‌ఫైల్‌లో నేనే ఫర్ లూప్ రాశాను. రాత్రి ఎర్రర్ లేకుండా ముగిసింది. పంపేసి పడుకున్నా.

పొద్దున్నే మేనేజర్ ఫోన్: "నిన్న సరిచేసిన బగ్ మళ్లీ వచ్చిందేంటి?"

వెతికితే, మూడో ఫోల్డర్‌లో కంపైల్ ఫెయిలైంది. కానీ షెల్ లూప్ చివరి కమాండ్ ఫలితాన్నే చెబుతుంది. ఐదోది బాగానే అయింది కాబట్టి మేక్ అంతా బాగుందనుకుంది. మూడోదాంట్లో మిగిలిన పాత లైబ్రరీయే లింకైపోయింది.

1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ మేక్ రాసిందీ ఇలాంటి బాధతోనే. సహోద్యోగి బగ్ సరిచేశాడు, ఆ ఫైల్ మాత్రం మళ్లీ కంపైల్ కాలేదు. ఓ పూటంతా వృథా!

నాన్నకు చెబితే నవ్వారు. "చివరి మడి తడిసిందని మధ్య మడికి నీళ్లందినట్టేనా? గట్టెమ్మట నడిచి ఒక్కోటీ చూసుకోవాలిరా."

లూప్ తీసేశాను. ఫోల్డర్ పేర్లనే టార్గెట్లు చేసి, ఒక్కోదానికీ 'మేక్ మైనస్ సీ' రాశాను. వాటిని ఫోనీ అని చెప్పాలి. లేదంటే ఆ పేరుతో ఫోల్డర్ ఉంది కదా, పనైపోయిందనుకుంటుంది. లైబ్రరీ అయ్యాకే యాప్ అనే వరస కూడా పెట్టాను.

కావాలనే మూడో ఫోల్డర్‌లో ఒక సెమీకోలన్ తీసి నడిపాను. బిల్డ్ అక్కడే ఆగింది. ఎర్రర్ చూసి అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

సాయంత్రం నాన్నతో దాళ్వా చేలోకి వెళ్లాను. ఈసారి పార నేనే పట్టుకున్నా.