నల్లోడు కూకున్నాడు

గవరపాలెంలో మా వీధి మొదట్లో వానకి తడుస్తూ దొరికాడు నల్లోడు. నెలన్నర కుక్కపిల్ల. ఆరు నెలలు తిరిగేసరికి ఇంట్లో కాలు నిలిచేది కాదు. బెల్లం మార్కెట్టుకెళ్లే వ్యాను చప్పుడైతే గుమ్మం దాకా పరుగు, కాలింగ్ బెల్ మోగితే మంచం మీదకి గెంతు. "ఏట్రా, ఇది కూకోదేటి?" అనేది అమ్మ.

అలా తయారు చేసింది నేనే. అరిస్తే నోరు మూస్తాడని బిస్కెట్ పడేసేవాణ్ణి. గెంతితే రెండు చేతులా తోసేవాణ్ణి, వాడికది ఆట. ఎప్పుడైనా మూల పడుకుంటే మాత్రం, హమ్మయ్య అనుకుని చప్పుడు చెయ్యకుండా పక్కనుంచి వెళ్లిపోయేవాళ్లం. గోల చేస్తే ఇల్లంతా వాడి వైపు తిరిగేది. నెమ్మదిగా ఉంటే చూసే దిక్కు లేదు.

అలిసిపోతే పడుకుంటాడని శారదా నది ఒడ్డున గంటసేపు బంతి విసిరేవాణ్ణి. వాడికి దమ్ము పెరిగిందే తప్ప కుదురు రాలేదు. ఆ వయసు పిల్లకి రోజుకి 18 గంటల దాకా నిద్ర కావాలట. నేను దాన్నే చెడగొట్టాను.

ఒకరోజు ఓపిక పోయి పేపరు చుట్టి కొట్టాను. నిలబడ్డచోటే ఉచ్చ పోసేశాడు. ఆ తర్వాత వారం దాకా, నేను తల దువ్వుకోడానికి చెయ్యెత్తినా నేలకి కరుచుకుపోయేవాడు. ఇది రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి ఆడదు.

అమెరికా పశువైద్యురాలు కేరన్ ఓవరాల్ రూపొందించిన 15 రోజుల సాధన గురించి అప్పుడు చదివాను. కుక్కని ఒకచోట కూర్చోబెట్టి, మొదట అయిదు సెకన్లు, తర్వాత పది, ఒక అడుగు వెనక్కి, ఒక చప్పట, గుమ్మం దాకా వెళ్లి రావడం. నెమ్మదిగా ఉన్న ప్రతిసారీ ఏదో ఒకటి తినిపించడం. బియ్యం గోనె మడతపెట్టి వేశాను. ఉడికిన గుడ్డు, చిక్కుడుగింజంత ముక్క. చేత్తో అందిస్తే లేచేస్తున్నాడని ముందుకాళ్ల మధ్య పెట్టడం మొదలెట్టాను. గట్టిగా "శభాష్" అన్నా లేచేవాడు, అందుకని మాట కూడా మానేశాను.

మాకు 15 రోజులు సరిపోలేదు, రెండు నెలలు పట్టింది. బిస్కెట్ ఆపిన మొదటి నాలుగు రోజులూ అరుపులు రెట్టింపయ్యాయి. అయిదో రోజు అమ్మ జాలిపడి ఒకటి వేసేసింది, మళ్లీ మొదటికొచ్చాం. పదిసార్లలో ఒక్కసారి దొరికినా, ఆ ఒక్కదాని కోసం మిగతా తొమ్మిదిసార్లూ అరుస్తాడు మరి.

నాలుగు కాళ్లూ కింద పెట్టుకుని చెవులు నిక్కించి కూర్చుంటే అది కుదురు కాదని కూడా మెల్లగా తెలిసింది. లేవడానికి సిద్ధంగా ఉన్నాడన్నమాట. నిజంగా కుదురుకున్నప్పుడు తుంటి ఒక పక్కకి ఒరుగుతుంది, గడ్డం గోనెకి ఆనుతుంది, ముక్కులోంచి పెద్ద ఊపిరొకటి వస్తుంది. ఆ ఊపిరి మొదటిసారి విన్నరోజు నేను చాలాసేపు కదల్లేదు.

మొన్న కొత్త అమావాస్యకి నూకాలమ్మ జాతర డప్పులు వీధిలోంచి వెళ్లాయి. నల్లోడు తల ఎత్తి, గుమ్మం వైపు చూసి, మళ్లీ నావైపు చూశాడు. గడ్డం కిందకి దించాడు. వంటింట్లోంచి అమ్మ వచ్చి, ఏమీ అనకుండా వంగి, వాడి కాళ్ల మధ్య గుడ్డుముక్క పెట్టి వెళ్లింది.