వందేళ్లు దాటినా... మన ఊరి 'మాలపల్లి'

కొన్ని నవలలు చదివేసి పక్కన పెట్టేస్తాం. కొన్ని మాత్రం మనింట్లో ఎవరూ మాట్లాడని విషయాల్ని మెల్లగా బయటికి లాగుతాయి. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' అలాంటిదే.

గుంటూరు బారిస్టరు ఉన్నవ జాతీయోద్యమంలో జైలుకెళ్లి, రాయవేలూరు జైల్లో ఈ నవల రాశారు. 1922లో అచ్చయింది. ఇందులో రాజులూ రాణులూ లేరు. రామదాసు అనే మాల రైతు కుటుంబమే కథకు కేంద్రం. అతని కొడుకు సంగదాసు, ఊరి ఆసామి చౌదరయ్య కొడుకు రామానాయుడు ప్రాణస్నేహితులు. కూలీల పక్షాన నిలబడినందుకు ఆ సంగదాసు చౌదరయ్య చేతిలోనే చనిపోతాడు. అన్న వెంకటదాసు ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పంచే దొంగల నాయకుడవుతాడు.

ఇంతకీ ఈ గుంటూరు కథతో మనకేం పని? ఉంది. 'మాలపల్లి' పల్లె జనం మాటల్లో నడుస్తుంది. పుస్తకాల్లో ఆ మాటలకు చోటు కావాలని పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో. అంటరానితనాన్ని నిలదీస్తూ 'లవణరాజు కల' రాసిన గురజాడ అప్పారావుది మన విజయనగరం. ఉన్నవ నడిచిన దారిని ముందే చదును చేసింది మనవాళ్లే!

ఈ నవలకు సర్కారు కూడా భయపడింది. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. కొన్నేళ్లకు ఎత్తేసినా 1936లో మళ్లీ నిషేధించింది. 1937లో కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చాక గానీ దీనికి విముక్తి దొరకలేదు.

ఓ వేసవిలో మా నాయనమ్మకు ఈ నవల చదివి వినిపించాను. సంగదాసు చనిపోయే ఘట్టం దగ్గర ఆపమంది. కాసేపటికి తనే మొదలుపెట్టింది.

''మన కళ్లంలోకి వచ్చినోళ్లకి నీళ్లు పైనుంచి దోసిట్లో పోసీవోళ్లమే. చెంబు ఇచ్చీవోళ్లం కాదు.''

''ఎందుకని నాయనమ్మా?''

''ఏటి సెప్తానే అమ్మా... అప్పట్లో అలాగే ఉండీది. అడిగినోళ్లు లేరు.''

ఆ చెంబు సంగతి అంతకుముందు మా ఇంట్లో ఎవరి నోటా నేను వినలేదు.

అదంతా పాత కాలమని సరిపెట్టుకుందామా అంటే... 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో ఐదుగురు దళితులు హత్యకు గురయ్యారు. మద్దువలస జలాశయం కోసం సేకరించిన భూముల్లో సాగు దగ్గర మొదలైన తగాదా అది. నవల వచ్చి అప్పటికి తొంభై ఏళ్లు. గొడవ మాత్రం అదే... భూమి ఎవరిది, ఎదురు మాట్లాడే హక్కు ఎవరిది?

అమెరికాలో నల్లజాతివారికి జరిగే అన్యాయం మీద హార్పర్ లీ 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' రాసింది 1960లో. అంతకు 38 ఏళ్ల ముందే మనకు 'మాలపల్లి' ఉంది. రెండింటికీ ఓ పోలిక ఉంది. రెండూ బాధితులు రాసినవి కావు, వాళ్ల వైపు నిలబడిన పైవర్గం వాళ్లు రాసినవి. అందుకే రామదాసు ఓర్పు, వేదాంతం చూసి ''అంత సహనం ఎందుకు?'' అనిపిస్తుంది కొందరికి. ఆ ప్రశ్న న్యాయమైనదే. వాళ్ల బతుకును వాళ్ల వైపు నుంచే వినాలంటే జి.కళ్యాణరావు 'అంటరాని వసంతం' (2000) కూడా చదవాలి. ఒకటి చదివితే రెండోది ఇంకా బాగా అర్థమవుతుంది.

'మాలపల్లి' పెద్ద పుస్తకమే. రోజుకు పది పేజీలు చాలు. ఇంట్లో పెద్దవాళ్లుంటే పైకి చదవండి. మధ్యలో వాళ్లు ఆపమంటే ఆపండి. ఎవరు ఏ బావిలో నీళ్లు తోడేవారో, ఎవరిని గుమ్మం బయటే నిలబెట్టేవారో అప్పుడే చెబుతారు. పిల్లల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకుంటే మంచిది. ఆ సంగతులు వాళ్లకు ఏ పాఠ్యపుస్తకమూ అంత దగ్గరగా చెప్పదు!