కుర్చీల దేశంలో నడుము నొప్పి

ఓస్లోలో మా ఆఫీసు కిటికీ పక్కన ఒక వింత కుర్చీ ఉంది. వీపు ఆనించుకోవడానికి ఏమీ ఉండదు. కూర్చునే పలక ముందుకు వాలి ఉంటుంది. దాని ముందు మోకాళ్ళు ఆనించుకోవడానికి చిన్న దిండ్లు, అడుగున వంపు తిరిగిన చెక్కలు. ముందుకీ వెనక్కీ ఊగుతూ పని చేసుకోవచ్చు. మొదటిసారి చూసినప్పుడు నాకు మా బడి గుర్తొచ్చింది. ఎక్కాలు రాకపోతే మోకాళ్ళ మీద నిలబెట్టేవాళ్ళు, మాస్టారికి ఇంకా కోపమొస్తే గోడకుర్చీ. మాకు ఉచితంగా దొరికిన శిక్షని వీళ్ళు వేల క్రోనర్లు పోసి కొనుక్కుంటున్నారు!

దాని పేరు బాలన్స్ వేరియబుల్. ఆలోచన హన్స్ క్రిస్టియన్ మెంగ్స్‌హోల్‌ది, 1979లో కుర్చీగా మలిచింది పీటర్ ఓప్స్‌విక్. మామూలు కుర్చీలో కూర్చుంటే తొడ వెనక కండరాలు కటి ఎముకని వెనక్కి లాగుతాయి, నడుము దగ్గరి సహజమైన వంపు చదునవుతుంది. పలక ముందుకు వాలితే ఆ వంపు నిలుస్తుంది. అదీ దాని వెనకున్న లెక్క.

ఇదే ఓప్స్‌విక్ 1972లో చేసిన ట్రిప్ ట్రాప్ అనే పిల్లల కుర్చీ ఇక్కడ చాలా ఇళ్ళలో కనిపిస్తుంది, మా ఇంట్లోనూ ఉంది. భోజనాల బల్ల దగ్గర తన చిన్న కొడుకు కాళ్ళు వేలాడేసుకుని అవస్థ పడుతుంటే చూసి, పిల్లవాడు ఎదిగేకొద్దీ కాళ్ళు పెట్టుకునే పలక కిందికి జరిపేలా దాన్ని చేశారు. మా అమ్మాయి ఆ కుర్చీలో పప్పన్నం తినే వైభోగం చూడాలి. ఒక కాలు మడుస్తుంది, కాసేపటికి బాసింపట్టు వేస్తుంది, తర్వాత మోకాళ్ళ మీదికి లేస్తుంది, పెరుగన్నం వేళకి కాలిపలక మీద నిలబడి ఉంటుంది. “కుదురుగా కూర్చోవే” అని నేను అంటూనే ఉంటాను. ఓప్స్‌విక్ వాదన సరిగ్గా దీనికి ఎదురు. మనిషి ఒళ్ళు కుదురుగా ఉండడానికి పుట్టలేదనీ, కుర్చీ అనేది మనిషిని కదలనివ్వాలి తప్ప బిగించి కూర్చోబెట్టకూడదనీ ఆయన నమ్మకం.

ఆ మాట నాకు నడుము పట్టేసినప్పుడు తలకెక్కింది. ఇక్కడ 2018 నుంచి ఫిజియోథెరపీకి డాక్టరు చీటీ అక్కర్లేదు, నేరుగా వెళ్ళొచ్చు. మన మనసు ఎమ్మారై, ఇంజెక్షను, నడుముకి బెల్టు అంటుంది కదా, నేనూ అలాగే వెళ్ళాను. ఫిజియోథెరపిస్టు నన్ను వంచింది, తిప్పింది, ఒంటికాలి మీద నిలబెట్టింది. ఇంతకీ ఎలా కూర్చోమంటారని అడిగితే, “ఇప్పుడు కూర్చున్నట్టు కాకుండా ఇంకోలా. కాసేపాగి మళ్ళీ ఇంకోలా” అంది. బెల్టు సంగతి ఎత్తితే నవ్వి ఊరుకుంది.

మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే బొమ్మ మీరూ చూసే ఉంటారు. తల అరవై డిగ్రీలు వంచి ఫోను చూస్తే మెడ మీద 27 కిలోల బరువు పడుతుందని. అది 2014లో అమెరికా సర్జన్ కెన్నెత్ హన్స్‌రాజ్ కంప్యూటర్ నమూనా మీద వేసిన లెక్క, మనుషుల మెడల్లో కొలిచింది కాదు. నిజంగా కొలిచినవాళ్ళూ ఉన్నారు, మెడలో కాదు, నడుములో. స్వీడన్‌కి చెందిన ఆల్ఫ్ నాకెమ్‌సన్ వెన్నుపూసల మధ్య డిస్కులోకి సూది దించి ఒత్తిడి చూశారు. నిలబడినప్పటి కంటే కూర్చున్నప్పుడు దాదాపు 40 శాతం ఎక్కువని తేలింది. ఏళ్ళ తరబడి అదే వేదం. 1999లో జర్మనీలోని ఊల్మ్‌లో విల్కె బృందం ఒక మనిషి డిస్కులో సెన్సర్ పెట్టి సుమారు ఒక రోజంతా కొలిస్తే, నిలబడినప్పుడు 0.5 మెగాపాస్కల్ ఉన్న ఒత్తిడి, కుర్చీలో జారగిలబడి కూర్చున్నప్పుడు సుమారు 0.3కి తగ్గింది. మా నాన్న చూస్తే వీపు మీద ఒక్కటిచ్చే కూర్చోవడం అది!

ఒక్క మనిషి కొలతతో అందరికీ తీర్పు చెప్పలేం, ఒత్తిడి వేరు నొప్పి వేరు. కానీ డిస్కు సంగతి ఒకటి స్పష్టం. పెద్దయ్యాక దానికి సొంత రక్తనాళాలు దాదాపు ఉండవు. బరువు పడినప్పుడు లోపలి నీరు బయటికి పోవడం, బరువు తగ్గినప్పుడు తిరిగి లోపలికి రావడం, దాని తిండీ తిప్పలూ అందులోనే. రాత్రి నడుము వాల్చి పొద్దున లేచేసరికి మనం ఒకటి రెండు సెంటీమీటర్లు పొడుగ్గా ఉండేది అందుకే. ఎంత నిటారుగా కూర్చున్నా, గంటల తరబడి అలాగే ఉంటే ఒంటికి పడదు. (కాలు మొద్దుబారినా, మూత్రం మీద పట్టు తప్పినా మాత్రం ఈ కబుర్లన్నీ పక్కనపెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.)

కుర్చీలు మరిగి మనం పోగొట్టుకున్నది ఎంతో తెలియాలంటే ఇక్కడి తెలుగువాళ్ళ ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి రావాలి. మొదటి కథకి పీటల మీది దంపతులు బాగానే ఉంటారు. మూడో కథకి ఆయన తిమ్మిరెక్కిన కాలిని పంచె కింద నుంచి మెల్లగా బయటికి జారుస్తుంటాడు. వెనక నలభై నిండని మగవాళ్ళు సోఫా చేరగిలబడి ఉంటారు. మా అమ్మమ్మ ఒక్క పూటలో రుబ్బురోలు ముందు ఒక కాలు చాపి, కత్తిపీట మీద ఒక మోకాలు ఎత్తి, పొయ్యి దగ్గర గొంతుక్కూర్చుని, మధ్యాహ్నం అరుగు మీద కాళ్ళు వేలాడేసుకుని ఉండేది.

అలాగని పాతకాలం అంతా బంగారం అనను. మా ఊళ్ళో నాట్లు వేసే ఆడవాళ్ళు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వంగే ఉండేవాళ్ళు. రాత్రి నడుములు పట్టేసి మూలిగేవాళ్ళు. అదేపనిగా వంగి ఉండకూడదని వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. మధ్యలో లేచి నిలబడే వీలు వాళ్ళకి లేదు, అంతే. నార్వేలో నేను చూసిన పెద్ద సుఖం కుర్చీలది కాదు. మీటింగు మధ్యలో ఒకామె లేచి గోడకి ఆనుకుంటుంది, ఇంకొకాయన కింద కూర్చుని కాళ్ళు చాపుకుంటాడు, ఎవరూ అటు చూడరు. హైదరాబాదులో నేను పనిచేసిన ఆఫీసులో మేనేజరు ముందు అలా లేస్తే, సమాధానం చెప్పుకోవలసి వచ్చేది.

అసలు కూర్చునే వీలే లేనివాళ్ళూ ఉన్నారు. మొన్న బెజవాడ వెళ్ళినప్పుడు చీరల షాపులో చీరలు చూపించిన అమ్మాయి పొద్దుటి నుంచీ నిలబడే ఉన్నానంది. పాదాలు వాచి చెప్పు పట్టీ దిగబడిపోయింది. స్టూళ్ళన్నీ కొనేవాళ్ళ వైపే ఉన్నాయి. షాపుల్లో పనిచేసేవాళ్ళు కూర్చోవడానికి సదుపాయం ఉండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు మార్చాయి. కేరళలో అది ఊరికే రాలేదు, కోజికోడ్‌లో పి. విజి నడిపిన పెణ్‌కూట్టు సంఘంలో బట్టల దుకాణాల ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి కొట్లాడారు. మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ షాపు యజమాని చెవిన ఈ మాట వేద్దామనుకుంటున్నాను. బేరం తెగాకే సుమా.