బావమరిది కారు

మాకు కారు లేదు. చాలా ఏళ్లు ఈ మాట గొప్పగానే చెప్పుకున్నాను. నిమ్మాడ జంక్షన్‌లో నిలబడితే ఇటు నరసన్నపేట, శ్రీకాకుళం, అటు టెక్కలి, పలాస. ఎటెళ్లడానికైనా బస్సు దొరుకుతుంది. అప్పు చేసి కారు కొనడం దేనికని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాణ్ని.

అసలు సంగతి వేరు. మా బావమరిదికి కారుంది. పెళ్లికైనా పరామర్శకైనా, రాత్రిపూట ఆమదాలవలసలో రైలు దిగినా ఒక్క ఫోను చేస్తే చాలు, "ఉండు బావా, నానొచ్చేత్తాను" అనేవాడు. ఆయిలుకి డబ్బులిస్తే చుట్టరికంలో ఏం బాగుంటుందని ఊరుకునేవాణ్ని. నిజం చెప్పాలంటే ఆ మొహమాటం నా జేబుకి బాగానే కలిసొచ్చింది.

మా పెద్దమ్మది ఉద్దానం, వజ్రపుకొత్తూరు దగ్గర. అక్కడ చాలామంది లాగే ఆవిడకీ కిడ్నీ జబ్బే. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమయ్యాక ఆవిణ్ణి అక్కడే చూపిస్తున్నాం. మొదట్లో తీసుకెళ్లడం, దింపడం అన్నీ బావమరిది కార్లోనే. వాడిది జీడిపిక్కల బేరం. వేసవిలో రైతు దగ్గరికి ముందెవడు వెళ్తే బస్తా వాడిదే. ఓ రోజు మేం లోపల ఓపీ చీటీ పట్టుకుని కూర్చుంటే, వాడు బయట కారు తలుపు తీసి, ఒళ్లో శాంపిల్ పిక్కల సంచి పెట్టుకుని ఫోన్లో రైతుని బతిమాలుతున్నాడు. ఆ సరుకు ఇంకొకడు ఎత్తుకుపోయాడు. వాడు చెప్పలేదు. చాన్నాళ్లకి మా ఆవిడ చెప్పింది: "ఆడు కారు కొనుక్కున్నది ఆడి పనికి. నీకోసం కాదు."

అప్పట్నుంచి బస్సే. కాశీబుగ్గలో దిగి ఆటో ఎక్కుతాం. ఉద్దానం లోపలి ఊళ్లకి సర్వీసు ఆటో నిండితే గానీ కదలదు, చీకటి పడితే అదీ దొరకదు. అందుకే ముందురోజే ఆటో అబ్బాయికి ఫోన్ చేసి, వెయిటింగుతో కలిపి రానూపోనూ ఎంతో మాట్లాడేసుకుంటాను. కిరాయి ఇచ్చి ఎక్కిన బండిలో ఎంతసేపు ఆపినా మొహమాటం ఉండదు. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం వచ్చాక పల్లెవెలుగులోనూ ఎక్స్‌ప్రెస్‌లోనూ ఆడవాళ్లకి టికెట్టు లేదు. మా ఆవిడ ఆధార్ చూపించి సున్నా టికెట్టు తీసుకుని, "ఆయనకొక్కటే కొట్టండి" అని కండక్టరుకి నన్ను చూపిస్తుంది. బస్సులు మాత్రం కిక్కిరిసిపోతున్నాయి, టెక్కలి దాకా నిలబడాల్సిందే.

రాత్రి రైలు దిగితే ఇప్పటికీ వాడికే ఫోను. కాకపోతే బంకు కనబడగానే ఆపమంటాను. "ఏటి బావా, కొత్తగా?" అంటాడు. నేను దిగి డబ్బులు కట్టేస్తాను.