జామతోటల దారిలో... టైర్లు జాగ్రత్త!

హైదరాబాద్‌కు దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో ఎర్రమట్టి నేల... ఆ నేలలో జామతోటలు! ఆదివారం పూట పిల్లాపాపలతో కారులో వెళ్లిరావడానికి కోహీర్ చక్కని ఊరు. కాకపోతే బయల్దేరేముందు టిఫిన్ డబ్బాలతోపాటు చూసుకోవాల్సినవి మరో నాలుగున్నాయి. అవే కారు టైర్లు!

పటాన్‌చెరు, సంగారెడ్డి, సదాశివపేట దాటాక జహీరాబాద్ ఇంకాస్త దూరం ఉందనగా ఎడమకు తిరిగితే కోహీర్. ముంబయి వైపు సాగే ఈ దారి ఒకప్పుడు తొమ్మిదో నంబరు జాతీయ రహదారి. 2010లో నంబర్లు మార్చాక 65 అయింది. రైల్లో వెళ్లేవారికి వికారాబాద్-పర్లి మార్గంలో 'కోహీర్ దక్కన్' స్టేషనుంది. ఇక్కడి జామకు ఎంత పేరంటే... సంగారెడ్డి పండ్ల పరిశోధన కేంద్రం దాన్ని అలహాబాద్ సఫేదాతో కలిపి 'కోహీర్ సఫేదా', 'సఫేద్ జామ్' అనే సంకర రకాల్ని తయారుచేసింది.

వేడి మీద గాలి తీయొద్దు!

టైర్లలో గాలి చూసుకోవాల్సింది ఇంటిదగ్గర, బండి చల్లగా ఉన్నప్పుడే. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు పక్కన స్టిక్కరు మీద రాసి ఉంటుంది. 100 కిలోమీటర్లు పరుగెత్తాక చూస్తే వేడికి మూడు నాలుగు పౌండ్లు ఎక్కువే చూపిస్తుంది. 'ఎక్కువైంది' అనుకుని తీయించేస్తే చల్లారాక తక్కువైపోతుంది. తిరుగు ప్రయాణంలో అయిదుగురు మనుషులు, డిక్కీలో జామపళ్ల బుట్టలు... గాలి తగ్గిన టైరు ఆ బరువుకు నలిగి వేడెక్కుతుంది. ఎండాకాలం హైవే మీద టైరు పేలడానికి అదో ముఖ్య కారణం. నిండా బరువుంటే ఎంత గాలి కావాలో అదే స్టిక్కరు మీద విడిగా ఉంటుంది. స్టెప్నీనీ మరచిపోవద్దు.

ముందువి వెనక్కి... వెనకవి ముందుకి

చాలా చిన్న కార్లలో ఇంజిను బరువు, లాగుడు, మలుపు, బ్రేకుల భారం... అన్నీ ముందు టైర్ల మీదే. అందుకే అవి త్వరగా అరుగుతాయి. 8 నుంచి 10 వేల కిలోమీటర్లకోసారి ముందు టైర్లను అదే వైపు వెనక్కి, వెనక టైర్లను వైపు మార్చి ముందుకు బిగిస్తే నాలుగూ సమంగా అరుగుతాయి. తిరిగే దిశను చూపే బాణం గుర్తున్న టైర్లను మాత్రం వైపు మార్చకూడదు. ఒక అంచే అరుగుతోందంటే అలైన్‌మెంట్ చూపించాలి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే ఇక టైరు మార్చాల్సిందే.

పెట్రోలూ మిగులుతుంది

నాలుగు టైర్లలోనూ పది పౌండ్ల గాలి తక్కువైతే సుమారు 2 శాతం ఇంధనం అదనంగా ఖర్చవుతుంది. వేగం 80 నుంచి 100కి పెరిగితే గాలి నిరోధం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. తోటల మధ్య మట్టిబాటల్లో తిరిగొచ్చాక ఎయిర్‌ఫిల్టర్ విప్పి చూస్తే ఎర్రటి దుమ్ము కనిపిస్తుంది. అది పేరుకుంటే పికప్ తగ్గుతుంది.

అన్నట్టు, జహీరాబాద్‌కూ బండ్లకూ పాత చుట్టరికమే. 1980ల్లో అక్కడ ఆల్విన్ నిస్సాన్ మినీ ట్రక్కులు తయారయ్యేవి. ఆ తర్వాత కర్మాగారం మహీంద్రా చేతికొచ్చింది. 2013 నుంచి ట్రాక్టర్లూ తయారవుతున్నాయి.

గాలి చూడటానికి పట్టేది అయిదు నిమిషాలే. ఆ అయిదు నిమిషాలూ కేటాయిస్తే జామపళ్లతోపాటు ఇంటిల్లిపాదీ క్షేమంగా ఇల్లు చేరొచ్చు.