మల్లె మొక్క కోసం కడియం వెళితే...

వేసవి వచ్చిందంటే మా గోదావరి జిల్లాల్లో ఆడవాళ్ళం కలుసుకున్న చోటల్లా రెండే కబుర్లు. ఒకటి ఆవకాయ, రెండవది మల్లెపూలు. ఆవకాయ సంగతి ఎలా ఉన్నా, మల్లెపూల విషయంలో ఈ యేడు నేను నోరు మెదపలేకపోయాను.

రాజమండ్రిలో మా పెరటి ప్రహరీగోడ పక్కన మా అత్తగారు నాటిన గుండుమల్లె పొద ఒకటి ఉంది. ఆవిడ కన్నుమూసి నాలుగేళ్ళయింది. మార్చి నుండి జూన్ దాకా రోజూ గిన్నెడు మొగ్గలిచ్చే ఆ పొద ఈసారి ఏప్రిల్ నెలాఖరుకే పసుపుబారి, మొగ్గలు విచ్చకుండానే రాల్చసాగింది. ఎండకు తట్టుకోలేకపోతోందనుకుని ఉదయం పూట పోసే ఒక బిందెను రెండు చేశాను. పసుపు మరింత ఎక్కువైంది. సలహా అడుగుదామంటే గోడ అవతలి అక్కయ్యగారితో మాటలు లేక పది నెలలైంది. ఆ సంగతి తరువాత చెబుతాను.

"ఇక అది బ్రతకదు గాని, కడియం వెళ్ళి కొత్తది తెచ్చుకుందాం పద" అంది నా స్నేహితురాలు. ఆమె టీచరు, వేసవి సెలవుల్లో ఉంది. మే నెలలో ఒక శనివారం పెందలాడే ఆటోలో బయలుదేరాం. ఎందుకో, వెళ్ళేముందు మల్లెకొమ్మ ఒకటి త్రుంచి సంచిలో వేసుకున్నాను.

మా ఊరి నుండి ధవళేశ్వరం మీదుగా కాలువ వెంట వెళితే కడియం పదిహేను కిలోమీటర్ల లోపే. ధవళేశ్వరంలో కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేయించిన ఆనకట్టకు బదులుగా, ఇప్పుడు ఆయన పేరుతోనే బ్యారేజి ఉంది. అక్కడి నుండే కాలువలు డెల్టాకు బయలుదేరతాయి. వేసవిలో మరమ్మతుల కోసం వాటిని కట్టేస్తారు. మేము వెళ్ళిన రోజు కాలువ అడుగున బురద, అక్కడక్కడ గుంటల్లో నీళ్ళు, ఆ నీళ్ళలో గేదెలు. అది చూసి వచ్చిన కళ్ళకు కడియం పచ్చదనం నమ్మశక్యంగా ఉండదు.

కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి - ఈ ఊళ్ళన్నీ నర్సరీల ఊళ్ళే. లంక అంటే గోదావరి ఒండ్రు మేటవేసిన నేల. కడియపులంక పూల మార్కెట్టులో మల్లెలు, లిల్లీలు, బంతిపూలు గుట్టలుగా పోసి ఉన్నాయి. అక్కడి నుండి నర్సరీల్లోకి వెళ్ళాం. ఆకుపచ్చ వలల నీడలో ఆడవాళ్ళు వరుసగా కూర్చుని ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి నల్ల ప్లాస్టిక్ సంచుల్లో నింపుతున్నారు. ఇక్కడి మొక్కలు లారీలకెక్కి దూర రాష్ట్రాలకు కూడా పోతాయి.

ఒకచోట గాలి అంటు కడుతుంటే నిలబడి చూశాం. జామకొమ్మ మీద అంగుళం మేర బెరడును ఉంగరంలా తీసి, తడిపిన కొబ్బరిపొట్టు చుట్టూ పెట్టి, ప్లాస్టిక్ కాగితంతో గట్టిగా కట్టేస్తారు. నెల, నెలన్నరకు అక్కడ వేళ్ళు పుడతాయి. అప్పుడు కోసి వేరే నాటుతారు. అంటే పిల్లమొక్క తన వేళ్ళు తాను పెంచుకునేదాకా తల్లి కొమ్మ మీదే ఉంటుందన్నమాట.

ఆ నర్సరీలోని పెద్దాయనకు నా సంచిలోని కొమ్మ చూపించాను. ఆయన ఆకును వేళ్ళ మధ్య నలిపి చూశారు.

"ఇది ఎండకు మాడిన ఆకు కాదండి. ఎండకు మాడితే అంచులు ఎండి గలగలలాడతాయి. ఇది మెత్తగా ఉంది. నీళ్ళు ఎన్నిసార్లు పోస్తున్నారు?"

"పొద్దున్నే రెండు బిందెలండీ."

"సాయంత్రం?"

"సాయంత్రం పొయ్యనండీ."

ఆయన నమ్మినట్లు లేదు. "మొక్క ముంపులో ఉందమ్మా. వేళ్ళకు కూడా గాలాడాలి కదండి? మొదట్లో వేలు గుచ్చి చూడండి. లోపల తడి ఉంటే నీళ్ళు పొయ్యకండి. కొత్త మొక్క ఇప్పుడెందుకు? ముందు అది బ్రతుకుతుందేమో చూసుకోండి. కాకపోతే వానలు పడ్డాక రండి" అన్నారు. అమ్ముకునే మనిషి అమ్మనంటే నాకు ఆశ్చర్యమైంది. నా స్నేహితురాలు రెండు క్రోటన్లు, ఒక నందివర్ధనం కొనుక్కుంది. నేను ఉత్త చేతులతో తిరిగి వచ్చాను.

మామూలుగా సాయంత్రం ఆరున్నరకు నేను ముందు గదిలో పిల్లలకు ట్యూషన్ చెబుతూ ఉంటాను. ఆ రోజు ప్రయాణం వల్ల పిల్లల్ని రావద్దన్నాను. పెరట్లో కూర్చుని మల్లె మొదట్లో వేలు గుచ్చితే వేలంతా బురద! అంతలో గోడ మీద నుండి రబ్బరు గొట్టం ఒకటి మెల్లగా దిగింది. పొద మొదట్లో నీళ్ళు పడసాగాయి.

ఇక ఆ పాత సంగతి చెప్పాలి. కిందటేడు వానల్లో అక్కయ్యగారి మునగచెట్టుకు గొంగళిపురుగులు పట్టి, మా వైపు వాలిన కొమ్మ మీద నుండి ఆరేసిన బట్టల మీద పడేవి. వాళ్ళు ఊళ్ళో లేనప్పుడు, ఒక్కమాట అడగకుండా నేను ఆ కొమ్మ కొట్టించేశాను. కాయలున్న కొమ్మ. ఆవిడ తిరిగి వచ్చి చూసి ఏమీ అనలేదు. మాట్లాడటం మానేశారు. నేనూ బింకంగా ఊరుకున్నాను.

"అక్కయ్యగారూ!" అని పిలిచాను. గొట్టం ఆగిపోయింది. కాసేపటికి గోడ మీద ఆవిడ ముఖం కనిపించింది.

"మల్లెను చూసుకోమని మీ అత్తగారు పోయేముందు నాతో చెప్పారమ్మా. ఆకులు పసుపుబారుతుంటే నువ్వు నీళ్ళు మానేశావేమో అనుకున్నాను."

"నేనూ నీళ్ళు చాలటం లేదనే పోస్తున్నానండీ!"

ఇద్దరం దానిని బ్రతికించాలనే చూశాం. ఒక్క మాట లేకపోబట్టి, ఇద్దరం కలిసి చంపబోయాం.

ఆదివారం సాయంత్రం ఆవిడ మా పెరట్లోకి వచ్చారు. పొద చుట్టూ మట్టి గుల్లచేసి, ఇసుక, మాగిన ఎరువు కలిపి, నీరు నిలవకుండా బయటికి చిన్న బోదె తీశాం. మట్టి చేతులతోనే, "మునగకొమ్మ విషయంలో తప్పు నాదేనండీ" అన్నాను. ఆ మాట పది నెలలుగా నా గొంతులోనే ఉంది.

"కొమ్మదేముందమ్మా? అటు చూడు, మళ్ళీ వేసింది. నన్ను అడగలేదన్నదే నా బాధ" అన్నారు. కొత్త కొమ్మ గోడ అంచుకు వచ్చి ఉంది. వెళ్ళేటప్పుడు "కొత్త ఆవకాయ తిరగకలిపాను, గిన్నె తెచ్చుకో" అన్నారు.

జూన్ వానలకు మల్లె కొత్త చిగురు తొడిగింది. పూలు అంతగా రాలేదు, కాని ఆకు పచ్చబడింది. ఒక కొమ్మను వంచి నేల అంటు తొక్కాం. వేళ్ళు పట్టాక అది గోడ అవతలికి వెళుతుంది.

మీ పెరట్లో మొక్క వాడుతుంటే బిందె ఎత్తేముందు ఒకసారి వేలు గుచ్చి చూడండి. గోడ అవతలివారిని ఒక మాట అడిగి కూడా చూడండి.