బిల్ట్‌మోర్ సౌధమున క్రిస్మసు

అమెరికాలో ఉత్తర కెరొలైనా రాష్ట్రమందలి షార్లెట్ నగరమున మేము కాపురము పెట్టి కొన్ని యేండ్లయినది. ఇక్కడ తెలుగు కుటుంబములకు కొదువలేదు. సంక్రాంతికి ముగ్గులు పెట్టుకొందుము, బొమ్మలకొలువులు తీర్చుకొందుము. గొబ్బెమ్మలకు మాత్రము పేడ దొరకదు. 2024వ సంవత్సరము డిసెంబరులో మా అత్తగారు కోనసీమనుండి వచ్చి మాయొద్ద నుండిరి. ఆమె వచ్చిననాటినుండి ఇంట నొకటే ప్రసంగము. గ్రామమందలి మా మండువా లోగిలి నమ్మివేయుదమని హైదరాబాదులోనున్న బావగారు పట్టుపట్టియుండిరి. పెంకులు జాఱినవి, దూలములకు చెదపట్టినది, ఉండువారు లేరు, ఉంచుకొని యేమి చేయుదుమని ఆయన వాదము. అందులో అబద్ధ మేమియు లేదు. అత్తగారు అవుననరు, కాదనరు. ఫోను మ్రోగినపుడెల్ల లేచి వంటయింటిలోనికి పోవుచుండిరి.

ఆమె మనస్సు కొంత మఱలునని యెంచి ఆషెవిల్ పట్టణమునకు చేరువనున్న బిల్ట్‌మోర్ సౌధమును క్రిస్మసు అలంకారములతో చూపింప తలపెట్టితిమి. ఇంటి దిగులులోనున్నవారికి మఱియొక యిల్లు చూపించుట యేమి తెలివియో, బయలుదేఱిన పిదపగాని మాకు తోచలేదు.

రెండు గంటలకు పైబడిన ప్రయాణము. బ్లూ రిడ్జి కొండలు కానవచ్చుసరికి మాటలు తగ్గినవి. ఆ సెప్టెంబరు మాసాంతమున హెలీన్ తుపాను ఆ సీమను ముంచివైచెను. స్వన్నానోవా నది పొంగి, ఎస్టేటు ద్వారమునకు దగ్గఱనున్న అంగళ్ళను నీట ముంచెను. మేము పోవునాటికి రెండు నెలలు దాటినను, పెకలిన చెట్లును, విఱిగిన సామానుల గుట్టలును త్రోవ ప్రక్కల నట్లే యుండెను. సౌధము మిట్టమీద నుండుటచే నిలిచినది. నెలకు పైగా మూతపడి నవంబరు 2వ తేదీన మరల తెఱవబడినది. ఇట్టి సమయమున వేడుక చూడబోవుట తగునా యని మాలో మేము శంకించితిమి. యాత్రికులు రాకున్న ఆ ఊరి హోటళ్ళలోను, అంగళ్ళలోను పనిచేయువారికి జీతములే యుండవని వినియుండుటచేత ఆ శంక కొంత తగ్గినది.

ద్వారము దాటిన తరువాత అడవిలో మెలికలు తిరిగిన దారి మూడు మైళ్ళ దూరము సాగును. ఎంత పోయినను ఇల్లు కనబడదు. కట్టకడపట నొక మలుపులో, తెల్లని సున్నపురాతి గోడలతో, కోసుగా లేచిన నల్లని కప్పులతో నంతయు నొక్కమాఱుగా నెదుట నిలుచును. ఆ దారిని దిద్దినవాడు ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్; న్యూయార్కు నగరపు సెంట్రల్ పార్కును తీర్చినవా డాయనయే. ఇల్లు కట్టిన శిల్పి రిచర్డ్ మారిస్ హంట్. కట్టించినవాడు జార్జి వాండర్‌బిల్ట్. ఆయన తాతగారు ఓడలవలనను, రైళ్ళవలనను ధనము గడించిరి. 1889లో పని మొదలై 1895వ సంవత్సరము క్రిస్మసు ముందునాటి రాత్రి గృహప్రవేశము జరిగెను. మొత్తము 250 గదులు, 65 పొయ్యిగూళ్ళు, 43 స్నానపుగదులు. ఆ దినములలో నాయన కొన్న భూమి లక్షా ఇరువదియైదు వేల యెకరములు. ఆ భూమిలో షైలో యను నల్లజాతివారి పల్లెయు కలిసిపోగా, వారు తమ ఇండ్లను, చర్చిని మఱియొకచోటికి మార్చుకొనవలసివచ్చెను. అంత పెద్ద యింటికి ముందుగా ఖాళీయైన చిన్న యిండ్లు కొన్ని యుండెనన్నమాట.

భోజనశాలలో అడుగిడగానే మాకు నోట మాట రాలేదు. డెబ్బదియడుగుల యెత్తున కప్పు. ఒక కొసను మూడు పొయ్యిగూళ్ళు ప్రక్కప్రక్కన నున్నవి. గోడలకు పదునాఱవ శతాబ్దినాటి చిత్రపు తెరలు వ్రేలాడుచున్నవి. మఱియొక కొసను ముప్పదియైదడుగుల ఫ్రేజర్ ఫర్ వృక్షము. ఇది ఈ దక్షిణపు కొండలలో, ఎత్తైన తావులలోనే సహజముగా పెరుగు చెట్టు. ఏటేట పనివారు పలువురు భుజములమీద మోసికొనివచ్చి త్రాళ్ళతో లాగి నిలుపుదురట. కొమ్మకొమ్మకు దీపములు, గోళములు. వానినడుమ రంగుకాగితములలో చుట్టి కట్టిన చిన్నచిన్న పెట్టెలు. ఆకుల వాసన గదియంతయు నిండియున్నది, వాన వెలసిన తోటవలె.

ఆ పెట్టెలకొక కథ కలదు. 1895 నాటి తొలి పండుగనుండియు ఎస్టేటులో పనిచేయువారి బిడ్డలనెల్ల పిలిచి ఈ చెట్టుక్రింద కానుకలిచ్చుట ఆచారము. 1898లో ఈ యింటికి కోడలుగా వచ్చిన ఈడిత్ అను నామె బిడ్డల పేర్లు, వయస్సులు తెలిసికొని ఎవరికి తగినది వారికేర్పఱచుచుండెను. అత్తగారు ఇది విని, “పేరు తెలిసి పెట్టడమే పెట్టడం. ఊరికే పంచితే పంపకం” అనిరి.

గ్రంథాలయము, వెనిసునుండి తెచ్చిన పైకప్పు చిత్రము, నెపోలియను సెయింట్ హెలీనాలో వాడిన చదరంగపు బల్ల, గాజుకప్పు క్రింది పూలతోట, అన్నిటను పచ్చని దండలు, ఎఱ్ఱని పూలు. చూచితిమి, మెచ్చితిమి. ఒకటి రెండు గదులలో అలంకారమే అధికమై లోని సామాను కనబడలేదు. పెండ్లికూతురికి నగలు మఱీ యెక్కువ పెట్టినట్లయినది. మేడమెట్లు నూటరెండు. వాని నడుమ నాలుగంతస్తుల పొడవున నొక దీపగుచ్ఛము వ్రేలాడుచున్నది. అత్తగారు మోకాలు పట్టుకొని, “పైన పడకలే కదా, నేను చూడకపోతే ఏం? వంటిల్లు మాత్రం చూపించండి” అనిరి.

ఆ వంటయిండ్లు నేలమాళిగలో నున్నవి. రొట్టెలకొకటి, మాంసము కాల్చుటకొకటి, తక్కిన వంటకు మఱొకటి. రాగిపాత్రలు తళతళలాడుచు వరుసగా నున్నవి. వండినది పై అంతస్తునకు చేర్చుటకు త్రాటితో లాగు చిన్న పెట్టెవంటి యంత్ర మొకటి. చాకిరేవు గదులలో, గోడలోనుండి బీరువా సొరుగులవలె బయటికి లాగదగిన పొడుగాటి దండెములు కలవు. లోపలి వేడికి బట్టలారును. విద్యుద్దీపములు, మంచుపెట్టెలు, లిఫ్టు, అన్నియు 1890ల నాటివే. అత్తగారు ఆ దండెముల దగ్గఱ చాలసేపు నిలిచి, “పండగ ఎవరిదైనా, ఉతికేవాళ్ళకు పండగనాడే పని ఎక్కువ” అని, పనికత్తెలు ఎచ్చట పరుండిరని అడిగిరి. నాలుగవ అంతస్తున వారికి విడివిడిగా గదులుండెనని చెప్పితిమి. “అయితే మంచిదే” అనిరి.

పూలతోట ప్రక్క విశ్రమించినపుడు మా వారు ఆమెకు మిగిలిన చరిత్ర చెప్పిరి. 1914లో జార్జి వాండర్‌బిల్ట్ శస్త్రచికిత్స పిదప హఠాత్తుగా మరణించెను. ఈడిత్‌కు నలువదియొక్క యేండ్లు, కూతురికి పదుమూడు. ఇంటి వ్యయము కొండంత. ఆమె యెనుబదియేడు వేల యెకరముల అడవిని, ఎకరమున కించుమించు 5 డాలర్ల చొప్పున, ప్రభుత్వమున కమ్మెను. నేటి పిస్గా జాతీయారణ్యమునకు అదియే మొదలు. భర్త పెంచిన అడవి ముక్కలు గాకుండవలెనని వెల తగ్గించుకొన్నది, ఇంటిని మాత్రమమ్మలేదు. 1930లో దేశము ఆర్థికసంక్షోభమున నున్నపుడు, ఊరివారి కోరికపై కూతురును అల్లుడును ఈ యింటిని జనుల దర్శనమునకు తెఱచిరి. రెండవ యుద్ధకాలమున, 1942 మొదలు 1944 వఱకు, వాషింగ్టనులోని జాతీయ చిత్రశాలకు చెందిన అమూల్య చిత్రములను ఇచ్చటనే దాచిరి. మనుమలకాలమున ఏటికేడు నష్టమే. 1960 తరువాత విలియం సెసిల్ అను మనుమడు పనిమాని వచ్చి, ఇంటిని దాని కాళ్ళమీద అది నిలుచునట్లు చేయబూనెను. ఆ దశకము చివర మొట్టమొదట కనబడిన లాభము పదునాఱు డాలర్ల పైచిల్లర.

“ఎంతా?” అని అత్తగారు అడిగిరి.

మా వారు మరల చెప్పిరి. ఆమె నవ్విరి. వచ్చిన తరువాత ఆమె నవ్వగా చూచుట అదే ప్రథమము. “పదహారు డాలర్లకు అన్నేళ్ళు కనిపెట్టుకుని కూర్చున్నాడా!”

చీకటిపడినపుడు వెలుపలికి వచ్చితిమి. ముంగిట నిలిపిన పెద్ద చెట్టునకు దీపములు వెలిగినవి, కొండలు నల్లబడినవి. మా యింటితో దీనికి పోలిక యేమి? మాకు అడవులు లేవు, టిక్కెట్టు పెట్టి చూపింపదగిన మేడయు కాదు. నాలుగు గదులు, ఒక మండువా, వానకాలమున నడుమ నీరు పడు తావు. మా అత్తగారు కోడలిగా వచ్చి అందులో నలువదియేండ్లు దీపము పెట్టిరి. మాకు ఈ మాటలు మనస్సులో మెదలుచున్నను పైకి అనలేదు. కారులో చాలదూరము ఎవరమును మాటలాడలేదు.

షార్లెట్ పొలిమేర చేరుచుండగా వెనుకనుండి అత్తగారు మా వారిని పిలిచిరి.

“నాయనా, పొద్దున మీ అన్నయ్యతో మాట్లాడేటప్పుడు ఒక మాట కనుక్కో. కాలవ పక్క కొబ్బరితోట ఒక్కటీ అమ్మితే, పెంకులు నేయించి, దూలాలు మార్పించడానికి సరిపోతుందేమో.”

“సరేనమ్మా” అనిరి మా వారు.

“చిట్టితల్లి వాళ్ళను కూడా ఒకసారి అడగండి. ఇంట్లో ఉండేవాళ్ళంటూ ఎవరో ఒకరు కావాలి గదా” అని చెప్పి, శాలువ కప్పుకొని కన్నులు మూసికొనిరి.